ఆచారి బొటనవేలు

దేవేంద్రాచారి రెండు పాదాల మధ్య కమ్మచ్చును బిగించుకుని, పటకారుతో బంగారు తీగను ఛాతీ వైపు లాగుతున్నాడు. కమ్మచ్చు అంటే వరసగా చిల్లులున్న ఇనుప పలక. ప్రతి చిల్లూ ముందుదాని కంటే సన్నం. తీగ ఒక్కో చిల్లు దాటేకొద్దీ సన్నబడి పొడుగవుతుంది. మధ్యలో బిరుసెక్కితే కుంపట్లో ఎర్రగా కాలనిచ్చి, చల్లార్చి, మళ్ళీ మొదలుపెట్టాలి. తొందరపడితే పుటుక్కున తెగుతుంది.

ఎదురుగా చాపమీద కృపమణి కూర్చుని ఉంది. ఆమె ఒళ్ళో ఏడాది నిండని కూతురు నిద్రపోతోంది. చెవులు కుట్టించడానికి వచ్చారు.

"ఇంకా ఎంతసేపు పెద్దాయనా? పిల్ల నిద్ర లేస్తాది."

"లేస్తే లేయనీమ్మా. పిల్ల పండుకుండాదని తీగకు తెలీదు కదా."

లాగినప్పుడల్లా కుడి భుజంలో ఏదో పట్టేసినట్టు ఉంటోంది ఆయనకు. కొన్నాళ్ళుగా అంతే. కాస్త ఆగి, భుజం తిప్పుకుని, మళ్ళీ లాగాడు. తీగ సిద్ధమయ్యాక ముక్క కత్తిరించి ఒక కొసను ఆకురాయి మీద అరగదీశాడు. వెలుతురుకు ఎత్తి చూశాడు, ఇంకొంచెం అరగదీశాడు. తరవాత ఎప్పుడూ చేసే పనే చేశాడు. ఆ మొనను తన ఎడమ బొటనవేలి కండలో గుచ్చుకున్నాడు.

ఆవగింజంత రక్తం పైకి వచ్చింది. ఒళ్ళో ఉన్న గుడ్డతో వేలు తుడుచుకున్నాడు. అదే గుడ్డతో మొననూ తుడిచాడు.

"అయ్యో, నొప్పి లేదా?" అంది కృపమణి.

"దిగింది నాకే తెలీలేదు. ఇంక నీ బిడ్డకు కూడా తెలీదు."

ఈ పద్ధతి ఆయన తండ్రి నేర్పింది. చెవి కుట్టే తీగ ముందు మన వేలిలో దిగాలి, మనకు చురుక్కుమంటే ఇంకా అరగదీయాలి, పసిబిడ్డ చెవిని మొన పరీక్షించే చోటుగా చేయకూడదు అని ఆయన చెప్పేవాడు. ఆచారి బొటనవేలి నిండా సన్నటి నల్ల చుక్కలు. కల్లూరులో తల్లులకు ఆ వేలు బాగా తెలుసు. గన్నుతో టక్కుమనిపించే దుకాణాలు కర్నూలు నిండా ఉన్నా, చుట్టుపక్కల పల్లెల నుంచి షేర్ ఆటోలెక్కి ఈయన దగ్గరికే వచ్చేది అందుకే. ఆచారి ముందు తన వేలికి గుచ్చుకుంటాడు, ఆ తరవాతే బిడ్డకు.

పిల్ల కళ్ళు తెరిచేలోగా రెండు చెవుల్లోనూ తీగ దిగి, వంగి, చిన్న రింగై కూర్చుంది. ఏడుపు మొదలైంది గానీ, అది నిద్ర చెడినందుకు. పంచదార పలుకు నాలుక మీద పెట్టగానే ఆగిపోయింది.

ఆ సాయంత్రం ఆచారి భుజం ఎత్తలేకపోయాడు. చొక్కా తొడుక్కోవడానికి భార్య నాగలక్ష్మమ్మ సాయం చేయాల్సి వచ్చింది.

"రేపు రిహానా దగ్గరికి పోతాండావు. పోకపోతే నేనే చెయ్యి పట్టుకుని ఈడ్చుకపోతా."

"ఆ చెయ్యే కదమ్మే నొప్పి."

"ఇంకో చెయ్యి ఉండాది కదా."

*

డాక్టర్ రిహానా కల్లూరు పిల్లే. ఎంబీబీఎస్ చదివి, వేరే ఊళ్ళలో పనిచేసి, తిరిగొచ్చి ఆటోలు ఆగే చోట చిన్న క్లినిక్ పెట్టింది. జ్వరం, దగ్గు, షుగరు, నడుం నొప్పి, పిల్లల విరేచనాలు, ఏదైనా అక్కడికే వస్తారు. కొన్నాళ్ళుగా ఆమె ఒక కొత్త పని చేస్తోంది. ఎవరు ఏ బాధతో వచ్చినా, వాళ్ళు సరేనంటే, కాలేయాన్ని పట్టే వైరస్‌ల కోసం రక్తం చూస్తోంది. దానికి కారణం ఒక లారీ డ్రైవరు. ఏళ్ళ తరబడి నడుం నొప్పికని ఆమె దగ్గరికి వచ్చి మాత్రలు తీసుకుపోయేవాడు. ఒకసారి కడుపు ఉబ్బిపోయి వచ్చాడు. కాలేయం చాలావరకు పాడైంది. అతని ఒంట్లో హెపటైటిస్ బి ఎప్పటి నుంచో ఉందని అప్పుడు తెలిసింది. అంతకాలం ఎవరూ చూడలేదు, తానూ చూడలేదు. అప్పటినుంచి ఎవరినీ ఊరికే పంపడం లేదు.

ఆచారి వెళ్ళేసరికి బెంచీ మీద అయ్యన్న ఉన్నాడు. పక్కవీధి మనిషి, మార్కెట్టులో ఉల్లి మూటలు మోస్తాడు. రిహానా అతని చేతికి రబ్బరు పట్టీ కడుతోంది.

"డాక్టరమ్మా, నాది దగ్గు. దగ్గు గొంతులో ఉండాది, నువ్వు చేతిలో ఎదుకుతాండావు."

"గొంతులో దించమంటావా సూదిని?"

"వద్దులే తల్లీ, చేతిలోనే ఎదుక్కో." అయ్యన్న మొహం పక్కకు తిప్పుకుని ఆచారిని చూశాడు. "ఏమప్పా ఆచారీ, నువ్వు కూడా ఇచ్చుకోల్ల. ఈడ ఎవుర్నీ వదలరు."

"నాది భుజం నొప్పి," అన్నాడు ఆచారి.

"భుజానికి దగ్గరే కదప్పా చెయ్యి. నీకు ఇంకా న్యాయంగా ఉండాది."

బెంచీ అంతా నవ్వింది. ఆచారి కూడా నవ్వుతూ చెయ్యి చాపాడు. రోజూ వేలికి గుచ్చుకునే మనిషికి సూది ఒక లెక్క కాదు.

*

రెండోసారి వెళ్ళినప్పుడు రిహానా తలుపు దగ్గరికి వేసి, ఆయన్ను కూర్చోమంది. ముందు భుజం గురించి చెప్పింది. తీగ లాగే పని కొన్నాళ్ళు కొడుకుతో చేయించుకోమంది. తరవాత బల్లమీది రిపోర్టు చేతిలోకి తీసుకుంది.

"ఆచారి మామా, నీ రక్తంలో హెపటైటిస్ బి ఉండాది."

"అంటే కామెర్లా? నా కండ్లు పచ్చగా లేవే."

"కామెర్లు రాకుండా కూడా ఉంటాది. శానామందికి అట్లనే ఉంటాది, ఏమీ తెలీదు. ఈ బెంచీ మీద నూరుమంది కూచుంటే అందులో ఇద్దరో ముగ్గురో ఉంటారు. పంటి నొప్పికని వచ్చిన ఆయప్పకు ఉండాది. బీపీ మాత్రకు వచ్చిన ఆయమ్మకు ఉండాది. వాళ్ళు ఎవరో చెప్పను, నీ సంగతి కూడా ఇంకొకరికి చెప్పను. భయపడొద్దు. నీ కాలేయం ఇప్పటికి బాగుండాది. పెద్దాసుపత్రిలో ఇంకో పరీక్ష చేయించుకోల్ల. మందు కావల్సి వస్తే ఆడనే ఇస్తారు. లేకపోతే ఆరునెల్లకోసారి చూపించుకుంటే చాలు."

"నాకు యాడ వచ్చింది?"

"చెప్పలేను మామా. పుట్టినప్పుడు మీ అమ్మ నుంచి వచ్చుండచ్చు. ఎప్పుడో ఒకే సూదితో పదిమందికి పొడిచినప్పుడు వచ్చుండచ్చు. ఇంక దాన్ని తవ్వుకోవద్దు."

"ఎట్ల అంటుకుంటాది?"

"ఒకే కంచంలో తింటే రాదు. పక్కన పండుకుంటే, బిడ్డను ఎత్తుకుంటే రాదు. రక్తం రక్తానికి తగిలితే వస్తాది. కంటికి కనపడనంత రక్తం చాలు. బ్లేడు, సూది..."

ఆమె ఇంకా ఏదో చెబుతోంది. ఆచారి తన బొటనవేలు చూసుకుంటున్నాడు. రిహానా మాట ఆపి, తనూ ఆ వేలినే చూసింది. చిన్నప్పుడు ఆ వేలు చూసే ఆమె ఏడుపు ఆపింది.

"మామా, నువ్వు ఇంకా అట్లనే గుచ్చుకుంటాండావా?"

ఆయన తల ఊపాడు. ఆమె చెవుల వైపు చూశాడు.

"నీ చెవులు కూడా నేనే కుట్టినా."

"అవును. మెడికల్ కాలేజీలో చేరినప్పుడు అందరికీ రక్తం చూసినారు. నాకు ఏమీ లేదు. అప్పుడే టీకా కూడా వేయించుకున్నా." ఆమె ఆయన చేతిమీద చెయ్యి వేసింది, నల్ల చుక్కలున్న వేలి మీదే. "మొన తుడిచేస్తావు, గుచ్చేది ఒక్క క్షణం. అందరికీ అంటుకోదు. ఇప్పటి పిల్లలకు పుట్టినప్పుడు, ఆ తరవాత ఇంకో మూడు తూర్లు ఈ టీకా వేస్తారు. వాళ్ళ గురించి శానా భయం లేదు. అయినా నువ్వు కుట్టినోళ్ళను, గుర్తున్నోళ్ళనంతా, నా దగ్గరికి పంపించు. చూస్తాను."

"వచ్చే నెల నా మనవరాలికి కుట్టల్ల," అన్నాడు ఆచారి. ఆమెతో కాదు, ఆ వేలితో అన్నట్టుగా.

*

మనవరాలు ఎర్రగుంట్లలో ఉంది. కూతురు శివజ్యోతిని అక్కడ సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే అబ్బాయికిచ్చారు. చెవులు బేసి నెలలోనే కుట్టాలి, మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి కుట్టాలి. ఐదో నెలలో జలుబు చేసి ఆగిపోయింది. ఇక ఏడో నెలలో కల్లూరు తీసుకొస్తానని శివజ్యోతి చెప్పి ఉంది. మేనమామ, అంటే ఆచారి కొడుకు ఉమామహేశ్, ఆ రోజుకు సెలవు కూడా పెట్టుకున్నాడు. తీగకు బంగారం ఆచారి ఎప్పుడో తీసి పెట్టాడు, తన పెళ్ళి ఉంగరంలోంచి.

ఆయన ఇంటికొచ్చి భార్యకు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె పొయ్యి మీద సంగటి కెలుకుతూ అంతా విన్నది. సంగటి ముద్ద చేసి, మధ్యలో గుంట పెట్టి నెయ్యి వేసి, కంచం ఆయన ముందు పెట్టింది.

"నాకు వేరే కంచం పెట్టు ఇంక," అన్నాడు.

"రిహానా చెప్పిందా?"

"లేదు. కంచంతో రాదనింది."

"మరి నోరు మూసుకుని తిను." ఆయన ముద్దలోంచే ఒక తుంట తుంచుకుని నోట్లో వేసుకుంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి గానీ, మాట గట్టిగానే ఉంది. "రేపు నేను, పిల్లోడు పోయి రక్తం ఇచ్చి వస్తాం. ఆ టీకా ఏందో అదీ వేయించుకుంటాం. ఇన్నేండ్లు బంగారం పని చేసినావు, రక్తంలో పచ్చదనం కాక ఇంకేముంటాది!"

ఆయన నవ్వాడు. ఆమె ఇక ఆపుకోలేక ఏడ్చింది.

వాళ్ళిద్దరికీ ఏమీ లేదని తేలింది. పక్కవీధి అయ్యన్న మాత్రం ఊరుకోలేదు. ఆచారే అతనికి సంగతి చెప్పాడు. ఫలానా ఊళ్ళో కామెర్లకు పసరు పోస్తారనీ, ఉప్పు లేకుండా తింటే మూడు ఆదివారాల్లో కడిగేసినట్టు పోతుందనీ, తనే వెంట వస్తాననీ అయ్యన్న పట్టుబట్టాడు. రిహానాను అడిగితే ఆమె ఒకటే చెప్పింది: కాలేయం బాగుంది, దానికి కొత్త పని పెట్టొద్దు. అయ్యన్న నొచ్చుకున్నాడు. నొచ్చుకుని ఒక సంచి ఉల్లిగడ్డలు తెచ్చి గుమ్మంలో పెట్టిపోయాడు.

*

ఆచారి ముందుగా వెళ్ళింది కృపమణి ఇంటికే. ఆఖరున కుట్టింది ఆమె కూతురికి. గడపలో నిలబడే చెప్పాడు. ఎక్కడా తగ్గించి చెప్పలేదు.

కృపమణికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలోని చేట కిందికి జారింది.

"నీ వేలు పొడుచుకోమని నేను చెప్పినానా? చెప్పు, చెప్పినానా?"

"లేదమ్మా."

"నీకు తెలీకుండా దిగితే నా బిడ్డకు తెలీదంటివే! ఇప్పుడేం దిగిందో ఎవరికి తెలుసు?"

"నాకు తెలీదమ్మా. అందుకే వచ్చినా. రిహానా చూస్తానంటాది. టీకాల కార్డు కూడా తీసుకురమ్మనింది."

ఆమె తలుపు వేసేసింది. లోపలినుంచి ఏడుపు వినిపించింది, తల్లిదో బిడ్డదో. ఆచారి కాసేపు అక్కడే నిలబడి వచ్చేశాడు.

ఆ తరవాత రోజూ పనయ్యాక ఒకరిద్దరి ఇళ్ళకు వెళ్ళేవాడు. కొందరు నీళ్ళిచ్చి కూర్చోబెట్టారు. కొందరు విని తలుపు చాటుకు పోయారు. ఒకాయన, అట్లయితే ఇన్నేళ్ళూ ఊరందరినీ పొడిచావా అని వీధంతా వినిపించేలా అరిచాడు. చెవులు కుట్టమని వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. వచ్చిన ఒకరిద్దరికీ ఆయనే వద్దని చెప్పి పంపించాడు. గొలుసులు అతకడం, మెట్టెలు సాగదీయడం, ఇలాంటి పనులే చేసుకుంటున్నాడు.

పిల్లలెవరికీ ఏమీ లేదు. కృపమణి కూతురి సంగతి రిహానా చెప్పలేదు, చెప్పదు కూడా. కృపమణే ఒక రోజు వచ్చి, గుమ్మం దిగువన నిలబడి, "నా బిడ్డకు ఏం లేదంట. టీకాలన్నీ వేసినాం కదా" అని, జవాబు వినకుండా వెళ్ళిపోయింది.

మద్దమ్మ సంగతి వేరు. ఆదోని వైపు పల్లె నుంచి వచ్చి కల్లూరులో ఇళ్ళపనులు చేసుకునే మనిషి. ఆమె ముక్కు ఆచారే కుట్టాడు, చాలా ఏళ్ళ కిందట. పరీక్షలో ఆమెకు ఉందని తేలింది. ఆ మాట చెప్పడానికి ఆమే వచ్చింది. ఆచారి లేచి నిలబడ్డాడు.

"కూకో కూకో," అంది మద్దమ్మ. "నీ తీగ వల్లనో, మా ఊర్లో సూదులేసే ఆయప్ప వల్లనో, నేను పుట్టినప్పుడో, ఎవరికీ తెలీదంట. నేనూ అడగను. నువ్వు ఇల్లిల్లూ తిరిగి చెప్పకపోతే నాకు ఉండాదని కూడా తెలిసేది కాదు. పెద్దాసుపత్రికి నువ్వు ఎప్పుడు పోతాండావు? నాకు ఆడ దారి తెలీదు."

ఇద్దరూ ఒకే షేర్ ఆటోలో వెళ్ళారు. మద్దమ్మకు రోజుకొక మాత్ర రాసిచ్చారు. ఆచారికి ఇప్పటికి మందు అక్కర్లేదు, ఆరునెల్లకోసారి వచ్చి చూపించుకోమన్నారు. అప్పటినుంచి మద్దమ్మ మందు తెచ్చుకునే రోజున ఆచారి తోడు వెళ్తాడు. వద్దంటే వినడు.

*

శివజ్యోతికి ఫోన్లో చెప్పాడు.

"ఎర్రగుంట్లలోనే యాడన్నా కుట్టించమ్మా. దుకాణంలో గన్ను ఉంటాది కదా. నేను వచ్చి దూరంగా నిలబడి చూస్తా."

"దూరంగా ఎందుకు? నాయనా, నేను కడుపుతో ఉన్నప్పుడే నాకు ఈ పరీక్ష చేసినారు. నాకు లేదు. పాపకు నాలుగు టీకాలూ అయిపోయినాయి. రిహానక్కతో మాట్లాడినా. గ్లౌజులు వేసుకుని, నీ రక్తం తగలకుండా కుడితే ఏం కాదనింది. ఇంకేంది నీ బాధ?"

ఆచారి తన ఎడమ బొటనవేలి వైపు చూసుకున్నాడు.

"మొన యాడ చూసుకోవల్ల నేను?"

తండ్రి భయం ఏమిటో శివజ్యోతికి అప్పుడు తెలిసింది. నలభై ఏళ్ళుగా ఆయనకు మొన సంగతి చెప్పింది ఆ వేలే. వేలు లేకుండా తీగ పట్టుకుంటే కళ్ళకు గంతలు కట్టుకుని పసిబిడ్డ ముందు కూర్చున్నట్టే. వైరస్ కంటే ఆయన్ను అది ఎక్కువ భయపెడుతోంది.

"నాకు తెలీదు నాయనా," అంది. "ఇంకా దినాలుండాయి కదా. ఎదుకు."

ఆయన వెతికాడు. అరటితొక్క మీద గుచ్చి చూశాడు. మొద్దు మొన కూడా దిగిపోయింది. తమలపాకు మీద చూశాడు. ఆకు చిరిగింది, ఏ మొనకైనా చిరుగుతుంది. గోటిమీద గీసి చూస్తే కాస్త తెలిసింది గానీ, మళ్ళీ అది తన గోరే. కొడుకు ఉమామహేశ్ ఫోన్లో భూతద్దం పెట్టి చూపించాడు. "కండ్లకు బాగనే ఉంటాదిరా. కండ్లకు నొప్పి తెలీదు కదా" అన్నాడు ఆచారి.

ఒక మధ్యాహ్నం నాగలక్ష్మమ్మ అయ్యన్న తెచ్చిన ఉల్లిగడ్డలు తరుగుతోంది. రెబ్బకూ రెబ్బకూ మధ్య ఉండే పలచటి పొర ఒకటి కత్తికి అంటుకుని ఊడివచ్చింది. దులపబోతుంటే ఆచారి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఏందప్పా?"

"ఆగు, పారేయొద్దు."

ఆ పొరను తీసి, తడిగానే ఒక చిన్న గ్లాసు మూతికి డోలుకు చర్మం బిగించినట్టు పరిచాడు. అరగదీసిన తీగ తెచ్చి మెల్లగా ఆనించాడు. పొర ముందు గుంటపడింది, ముడత పడింది, ఆ తరవాత చిరిగింది. తీగను ఆకురాయి మీద ఇంకాస్త అరగదీశాడు. కొత్త పొర పరిచాడు. ఈసారి గుంట చిన్నదైంది. మళ్ళీ అరగదీశాడు, మళ్ళీ పరిచాడు. చివరికి మొన పొరలో దిగినా పొర కదల్లేదు. ముడత లేదు. తీగ బయటికి తీస్తే చిల్లు ఎక్కడో వెతుక్కోవాల్సి వచ్చింది.

ఆ తీగతో తన బొటనవేలిని ఒక్కసారి, ఆఖరుసారి గుచ్చి చూసుకున్నాడు. ఏమీ తెలియలేదు. రక్తం చూశాకే దిగిందని నమ్మాడు. వేలు కడుక్కుని, ఆ తీగను కుంపట్లో పడేసి కరిగించేశాడు.

"కూరకు ఒక్క గడ్డన్నా మిగిల్చినావా?" అంది నాగలక్ష్మమ్మ.

*

మిగిలింది చేతి సంగతి. గ్లౌజు తొడుక్కుంటే తీగ వేరెవరి వేళ్ళలోనో ఉన్నట్టు ఉంది. రిహానా ఇచ్చిన డబ్బాలోంచి రోజూ ఒక జత తీసి, ముందు వేళ్ళ పగుళ్ళకు ప్లాస్టరు చుట్టి, గ్లౌజులు తొడుక్కుని, నానబెట్టిన శనగగింజలను గుచ్చేవాడు. గింజ రెండు బద్దలు కాకుండా నట్టనడుమ తీగ దూరాలి. మొదట్లో బద్దలైనవన్నీ నాగలక్ష్మమ్మ ఏరి పారేసేది. "ఈ శనగలు మొలకలకు రావు, గుగ్గిళ్ళకు పనికిరావు, ఏం సంపాదనప్పా నీది" అని సాధించేది. రానురాను పారేయడం తగ్గింది.

ఇంకొక చిక్కు రిహానా పట్టుకుంది. కుట్టేటప్పుడు చెవితమ్మె వెనక ఆయన బొటనవేలే ఆనించి ఉంచుతాడు. తీగ చెవి దాటి ఆ వేలికే తగులుతుంది. గ్లౌజున్నా గుచ్చుకోవచ్చు.

"వెనక ఏదన్నా పెట్టల్ల మామా."

"ఏం పెట్టల్ల? మెత్తగా ఉండల్ల, మొనను ఆపల్ల."

ఆమె బల్ల మీద చూసి, ఖాళీ అయిన మందు సీసా రబ్బరు మూత తీసి ఆయన అరచేతిలో పెట్టింది. ఆచారి దాన్ని నొక్కి చూశాడు, తిప్పి చూశాడు. శనగగింజ వెనక పెట్టి గుచ్చి చూశాడు. మూత తీగను పట్టుకుని ఆపింది.

"ఇది నాకు తోచింది కాదు," అన్నాడు.

"ఉల్లిపొర నాకు తోచిందా?" అంది రిహానా.

*

చెవులు కుట్టే రోజు ఉదయం శివజ్యోతి బిడ్డతో దిగింది. ఆచారి తలుపు దగ్గరికి వెళ్ళాడు గానీ, చేతులు చాపలేదు. బిడ్డను ఎత్తుకుంటే రాదని రిహానా మొదటిరోజే చెప్పింది. అయినా తెలిసినప్పటినుంచి ఒకసారి వాళ్ళు వచ్చినా ఆయన బిడ్డను తాకలేదు. దూరంగా కూర్చుని చిటికెలు వేసి ఆడించాడంతే. శివజ్యోతి అది గమనించింది.

తీగలు రెండూ ముందురోజే ఉల్లిపొర మీద చూసి, కడిగి, రిహానాకు ఇచ్చాడు. ఆమె వాటినీ రబ్బరు మూతలనూ క్లినిక్‌లో కత్తెరలు ఆవిరిలో కాచే డబ్బాలో పెట్టి తీసి, పొట్లం కట్టి, మధ్యాహ్నం విరామంలో తనే పట్టుకొచ్చింది. అయ్యన్న పిలవకుండానే వచ్చి గోడకు ఆనుకున్నాడు.

"నేను ఉల్లిగడ్డల యజమానిని. నాకు ముందు వరస కావల్ల," అన్నాడు.

ఉమామహేశ్ చాపమీద కూర్చుని మేనకోడల్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. నాగలక్ష్మమ్మ పంచదార గిన్నె పట్టుకుంది. ఆచారి చేతులు కడుక్కున్నాడు, వేళ్ళకు ప్లాస్టరు చుట్టాడు, గ్లౌజులు తొడుక్కున్నాడు. రిహానా స్పిరిటుతో చెవులు తుడిచి, పొట్లం విప్పి పట్టుకుంది. ఆయన తీగ అందుకున్నాడు. అలవాటు కొద్దీ ఎడమ బొటనవేలు పైకి లేచింది. అందరూ చూశారు. ఆయనా చూశాడు. ఆ వేలిని మడిచి, రబ్బరు మూతను వేళ్ళ మధ్య పట్టుకుని, చెవితమ్మె వెనక ఆనించాడు.

"ఏయ్ బుజ్జీ, ఈడ చూడు, మామను చూడు," అన్నాడు ఉమామహేశ్. బిడ్డ మామ మీసం పట్టుకుని లాగింది.

ఆ మీసం వదిలేలోగా మొదటి చెవిలో తీగ దిగింది. బిడ్డ ముఖం ముడుచుకుంది, ఏడవాలా వద్దా అని ఆలోచించినట్టు. నాగలక్ష్మమ్మ పంచదార నాకించింది. ఆచారి తీగను వంచి, కొసను కలిపి, రింగు చేశాడు. రెండో తీగ అందుకున్నాడు. ఈసారి బిడ్డ ఏడ్చింది, గట్టిగానే ఏడ్చింది. ఆయన చెయ్యి మాత్రం కదల్లేదు. తీగ దిగింది, వంగింది, కొస కలిసింది. రెండు రింగులూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో కాస్త వెనక్కి జరిగి చూశాడు.

"సమానంగా ఉండాయి," అన్నాడు రిహానాతో. పని గురించి ఆయన ఎప్పుడూ అంతకంటే ఎక్కువ చెప్పడు.

గ్లౌజులు తీసి ఆమె పట్టిన డబ్బాలో వేశాడు. చేతులు కడుక్కుని, తుడుచుకుని, ఉమామహేశ్ ముందు వంగాడు. చంకల కింద చేతులు పెట్టి, ఏడుస్తున్న మనవరాలిని పైకెత్తి భుజాన వేసుకున్నాడు. ఎడమ భుజాన, కుడిది ఇంకా నొప్పిగానే ఉంది. ఏడుపు ఆగేదాకా గదిలో అటూ ఇటూ తిరిగాడు. బిడ్డ ముక్కూ మూతీ ఆయన చొక్కాకు రాసుకుని, ఎక్కిళ్ళు పెట్టి, ఊరుకుంది.

అప్పుడు శివజ్యోతి దగ్గరికి వెళ్ళి, చెవి నలగకుండా తల పట్టుకుని, బిడ్డను ఆమె చేతుల్లో పెట్టాడు.

"తీసుకోమ్మా," అన్నాడు. "అయిపోయింది."